ముసలి నక్షత్రాల వయసు, లిథియం నుంచి బెరీలియం దాకా: ప్రాజెక్టు డైరీ

మే మొదటి వారం

పని ఇది. పెద్ద దూరదర్శినులు తీసిన నక్షత్రాల వర్ణపటాలు, అంటే వాటి వెలుగుని రంగులుగా విడదీసిన పట్టీలు, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటిని దించుకుని, అందులో లిథియం, బెరీలియం గీతలు కొలిచి, పాతకాలపు నక్షత్రాల వయసు గురించి మనంతట మనం ఎంతవరకు చెప్పగలమో చూడాలి. నేను ఇక్కడ ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. కోడింగ్ పని మా మేనల్లుడిది. ఇంజినీరింగ్ మూడో ఏడు, సెలవులకి విశాఖ ఎంవీపీ కాలనీలో మా ఇంట్లోనే మకాం. వాడికి మినీ ప్రాజెక్టు కావాలి, నాకు ఎప్పటి నుంచో ఈ లెక్క స్వయంగా చేసి చూడాలని ఉంది.

ఈ రెండు మూలకాలే ఎందుకంటే, కార్బన్, ఆక్సిజన్, ఇనుము లాంటివి నక్షత్రాల కడుపులో పుడతాయి. ఇవి అక్కడ చస్తాయి. లిథియం 25 లక్షల డిగ్రీలకే ప్రోటాన్ దెబ్బకి విరిగిపోతుంది, బెరీలియం 35 లక్షల డిగ్రీలకి. సూర్యుడి మధ్యలో వేడి కోటిన్నర డిగ్రీలు. కాబట్టి నక్షత్రం లోపల ఇవి బతకవు, పైపొరలో మిగిలిందే మనకి కనిపిస్తుంది. మొదట ఎంత ఉండేది, ఇప్పుడెంత మిగిలింది అన్నది తెలిస్తే వయసు గురించి ఏదో ఒకటి తేలుతుంది. ఆ 'ఏదో ఒకటి' ఏమిటన్నదే ఈ డైరీ అంతా.

మే రెండో వారం

కంప్యూటర్ ముందు కూర్చోబెట్టేలోపు లిథియం గీతని వాడి కళ్లకి చూపించాలనిపించింది. కెమిస్ట్రీ ల్యాబ్‌లో లిథియం క్లోరైడ్ సీసా తీయిస్తే లోపల పొడి లేదు, పాకం ఉంది. గాలిలో తేమ పీల్చుకుని తనంతట తానే కరిగిపోయే ఉప్పు అది, విశాఖ మే నెల గాలికి ఇంకేం మిగులుతుంది. పరవాలేదు, మంట పరీక్షకి పాకం కూడా పనికొస్తుంది.

స్పెక్ట్రోస్కోపు మేమే కట్టాం. చెప్పుల అట్టపెట్టె, ఒక పక్క రెండు బ్లేడు ముక్కల మధ్య సన్నని సందు, రెండో పక్క వెండిపొర ఊడదీసిన డీవీడీ ముక్క. డీవీడీ మీద గాడికీ గాడికీ మధ్య దూరం 740 నానోమీటర్లు, వెలుగుని విడదీయడానికి అది చాలు. స్కేలు గీసుకోవడానికి పాత సీఎఫ్ఎల్ బల్బు పెట్టాం. అందులోని పాదరసం 435.8 దగ్గర నీలం, 546.1 దగ్గర ఆకుపచ్చ గీతలిస్తుంది.

నైక్రోమ్ తీగని హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో ముంచి మంటలో పెడితే ముందు పసుపు వచ్చింది. మళ్లీ ముంచి మళ్లీ పెట్టినా పసుపే. అది సోడియం, 589 నానోమీటర్ల జంట గీత. సముద్రం పక్కనే ఉన్న ఊళ్లో ఉప్పు లేని తీగ ఎక్కడ దొరుకుతుంది? బీచి వైపు కిటికీలు మూసి, తీగ తెల్లగా కాలేదాకా కాల్చి, అప్పుడు లిథియం పాకంలో ముంచాం. మంట అంచు ఒక్కసారిగా కుంకుమ ఎరుపుకి తిరిగింది. పెట్టెలోంచి చూస్తే పసుపు గీతకి బాగా ఎడంగా, దాదాపు చీకట్లో, ఒంటరిగా ఎర్రగీత. పుస్తకం ప్రకారం 670.8 నానోమీటర్లు. మా అట్టపెట్టె రెండు నానోమీటర్ల తేడాతో అదే చెప్పింది.

"ఇదే గీత నచ్చత్రంలో కూడా ఉంటాదా అత్తా?" అన్నాడు. ఉంటుంది, కాకపోతే అక్కడ ఎర్రగా వెలగదు, నల్లగా కోసినట్టు ఉంటుంది.

అదే పెట్టెని ఎండకేసి తిప్పితే సోడియం నల్లగీత, 656.3 దగ్గర హైడ్రోజన్ గీత దొరికాయి. లిథియం దొరకలేదు, దొరకదు కూడా. ఉల్కల్లో ఉన్నదానితో పోలిస్తే సూర్యుడి పైపొరలో లిథియం సుమారు 150వ వంతే మిగిలింది. నాలుగున్నర వందల కోట్ల ఏళ్లలో కిందికి జారి కాలిపోయిందన్నమాట. పెద్ద పరికరాల్లో కూడా సూర్యుడి లిథియం గీత పక్కనున్న ఇనుము గీతతో కలిసి సన్నగా, గొడవగా కనిపిస్తుంది.

మే మూడో వారం

యూరోపియన్ సదరన్ అబ్జర్వేటరీ ఆర్కైవ్‌లోంచి రెండు నక్షత్రాల ఫైళ్లు దించాం. చిలీలో పరనాల్ కొండ మీద 8.2 మీటర్ల దూరదర్శినికి తగిలించిన యూవెస్ అనే వర్ణపట పరికరం తీసినవి. ఒకటి తులారాశిలోని హెచ్‌డీ 140283, రెండోది సింహరాశిలోని హెచ్‌డీ 84937. రెండూ బాగా పాతవి. మొదటిదాంట్లో ఇనుము సూర్యుడితో పోలిస్తే సుమారు 250వ వంతు, రెండోదాంట్లో వందో వంతుకి కొంచెం తక్కువ. ఇనుము తక్కువంటే పక్క గీతల గోల కూడా తక్కువ. లిథియం గీత ఒంటరిగా, శుభ్రంగా కనిపిస్తుంది.

రాత్రి పదింటికి పిలుపు. "ఏటత్తా ఇది, 6707.8 దగ్గర ఏటీ లేదు. ఎడంపక్క 6704 దగ్గరేదో గుంటుంది."

అదే లిథియం. హెచ్‌డీ 140283 సెకనుకి సుమారు 170 కిలోమీటర్ల వేగంతో మనవైపు వస్తోంది. దాంతో గీతలన్నీ నీలం వైపు జరుగుతాయి, ఇక్కడ 3.8 ఆంగ్‌స్ట్రాములు. పది ఆంగ్‌స్ట్రాములు ఒక నానోమీటరు, కాబట్టి మన 670.8 నానోమీటర్లే ఫైల్లో 6707.8. రెండో నక్షత్రం వేగం సెకనుకి 15 కిలోమీటర్లే కాబట్టి దాని గీత పెద్దగా కదల్లేదు. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే వేగం కూడా సరిచెయ్యాలి. గాలిలో తరంగదైర్ఘ్యమా, శూన్యంలోదా అన్నది ఫైలు హెడర్‌లో చూసుకోవాలి. ఈ గీత దగ్గర ఆ రెండింటికీ తేడా 1.8 ఆంగ్‌స్ట్రాములు పైనే. ఇలాంటి చిల్లర సర్దుబాట్లలోనే వారం గడిచిపోయింది.

ఆ తర్వాత వచ్చిన అంకెలు మాత్రం చాలా బాగున్నాయి. గీత ఎంత వెలుగుని మింగిందో చెప్పే కొలతని ఈక్వివలెంట్ విడ్త్ అంటారు. హెచ్‌డీ 140283లో అది 47 మిల్లీ ఆంగ్‌స్ట్రాముల దగ్గర వచ్చింది, హెచ్‌డీ 84937లో 25 దగ్గర. పరిశోధకులు ప్రచురించిన విలువలూ దాదాపు అవే. ఒక గీత రెండోదానికి దాదాపు రెట్టింపు. మొదటిదాంట్లో లిథియం రెట్టింపు ఉందనే మావాడు రాసేసుకున్నాడు. ఆగరా అన్నాను. మొదటి నక్షత్రం వేడి సుమారు 5780 కెల్విన్, రెండోది 6300. లిథియం తన ఎలక్ట్రాన్‌ని చాలా తేలిగ్గా వదిలేస్తుంది, 5.39 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు. ఈ రెండు నక్షత్రాల్లోనూ లిథియంలో దాదాపు అంతా అయాన్లుగానే ఉంటుంది. మనకి గీతనిచ్చేది అయాను కాకుండా మిగిలిపోయిన ఆ కొసరు మాత్రమే. వేడి కాస్త పెరిగితే ఆ కొసరు కూడా తగ్గిపోతుంది. మేఘనాద్ సాహా 1920లో ఇచ్చిన సమీకరణంలో అంకెలు వేసి వాడిచేతే లెక్క కట్టించాను. అన్నీ సరిచేశాక రెండు నక్షత్రాల్లోనూ లిథియం ఒక్కటే: లాగ్ స్కేలు మీద 2.2 దరిదాపులు, అంటే లక్ష కోట్ల హైడ్రోజన్ పరమాణువులకి సుమారు 160.

ఒక్కో తరగతిలో సాహా సమీకరణాన్ని ఎన్నిసార్లు బోర్డు మీద రాసి చెరిపేశానో. దానికి ఇంత పని ఉందని పిల్లలకి ఈసారైనా ఇలా చూపించాలి.

మే నెలాఖరు

లిథియం ఇక్కడే ఆగిపోతుంది. ఆగడం కూడా ఒక ఫలితమే.

1982లో ఫ్రాన్స్‌కి చెందిన ఫ్రాంస్వా స్పిట్, మోనిక్ స్పిట్ దంపతులు కనిపెట్టింది ఇదే. ఇనుము బాగా తక్కువగా ఉన్న వేడి నక్షత్రాల్లో, ఏది చూసినా లిథియం దాదాపు ఒకే మట్టం. ఇనుము పదోవంతుకి పడిపోయినా లిథియం కదలదు. అన్నీ ఒకే మట్టంలో ఉంటే ఏది పెద్దదో ఏది చిన్నదో చెప్పేదెలా? 'లిథియంతో నక్షత్రం వయసు చెప్పొచ్చు' అనే మాట కుర్ర నక్షత్రాలకి వర్తిస్తుంది. కృత్తికల గుంపు వయసు సుమారు పన్నెండు, పదమూడు కోట్ల ఏళ్లని తేల్చడంలో లిథియంది పెద్ద పాత్ర. అందులోని అతి చిన్న, మసక నక్షత్రాల్లో ఏ సైజు దగ్గర లిథియం ఇంకా కాలకుండా మిగిలిందో చూసి చెప్పారు. వెయ్యి కోట్ల ఏళ్లు దాటినవాటికి ఆ పద్ధతి పనికిరాదు.

పైగా ఆ మట్టం కూడా తిన్నగా లేదు. మహావిస్ఫోటం తర్వాత మొదటి నిమిషాల్లో ఎంత లిథియం పుట్టి ఉండాలో లెక్కగడితే, మనం కొలిచిన దానికి దాదాపు మూడు రెట్లు వస్తుంది. ఇప్పటికీ తేలని చిక్కు అది. మా మినీ ప్రాజెక్టు దాని జోలికి వెళ్లదు.

అదే వారం, ఒక రాత్రి

నైరుతి రుతుపవనాలు వచ్చేస్తే ఆకాశం కనిపించదని, భీమిలి రోడ్డులో దీపాలు తక్కువగా ఉన్న చోటికి బైనాక్యులర్స్ పట్టుకుని వెళ్లాం. చూడాలనుకున్నది ఎన్‌జీసీ 6397 అనే గోళాకార గుచ్ఛం. బెరీలియం కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది. విశాఖ నుంచి అది దక్షిణాన 18, 19 డిగ్రీల ఎత్తుకి మించి లేవదు. చెయ్యి చాచి పెడితే సముద్రం గీత మీద రెండు పిడికిళ్లకి కాస్త తక్కువ. గుర్తు పట్టడం తేలికే: తేలు తోకలో ఉన్న మూల నక్షత్రం నిటారుగా ఉన్నప్పుడు దాని కిందికి సుమారు 17 డిగ్రీలు దిగాలి. మే నెలాఖరులో అర్ధరాత్రి దాటి ఒంటిగంట ప్రాంతంలో ఆ స్థితికి వస్తుంది.

రేవులోకి రావడానికి వంతు కోసం ఆగిన ఓడల దీపాలు ఒక పక్క, ఉప్పుతేమ ఒక పక్క. మొదట ఏమీ దొరకలేదు. కళ్లు అలవాటయ్యాక మసకమరక ఒకటి, పక్కచూపుతో చూస్తే ఉంది, సూటిగా చూస్తే పోతుంది. ఏడెనిమిది వేల కాంతి సంవత్సరాల దూరంలో లక్షల నక్షత్రాల ముద్ద అది. వాడు బైనాక్యులర్స్ దించి "ఇంతేనా" అన్నాడు. ఇంతే.

జూన్, జులై

బెరీలియంలోకి దిగాం. ప్రకృతిలో నిలకడగా ఉండేది దాని 9వ ఐసోటోపు ఒక్కటే. మహావిస్ఫోటంలో దాదాపు పుట్టలేదు, నక్షత్రాల్లో పుట్టదు. మరి ఎక్కడిది? 1957లో మూలకాల పుట్టుక మీద పేరుపొందిన వ్యాసం రాసిన నలుగురికీ ఇది అంతుపట్టలేదు, తెలియని ప్రక్రియ అని వదిలేశారు. 1970లో హ్యూబర్ట్ రీవ్స్, విలియం ఫౌలర్, ఫ్రెడ్ హోయిల్ జవాబిచ్చారు. నక్షత్రాల మధ్య ఖాళీలో కాస్మిక్ కిరణాలు (దాదాపు కాంతివేగంతో దూసుకెళ్లే ప్రోటాన్లు, ఇతర కేంద్రకాలు) కార్బన్, ఆక్సిజన్ కేంద్రకాలని ఢీకొట్టి పగలగొడితే వచ్చే ముక్కలే లిథియం, బెరీలియం, బోరాన్.

వయసు లెక్కకి పనికొచ్చే సంగతి ఇందులోనే ఉంది. ఇనుము సూపర్నోవా పేలిన చోట పోగుపడుతుంది, పక్క పేటలో ఉండకపోవచ్చు. కాస్మిక్ కిరణాలు పాలపుంత అంతా తిరుగుతాయి కాబట్టి బెరీలియం అన్నిచోట్లా ఇంచుమించు ఒకే తీరున పెరుగుతుంది. సింహాచలం హుండీ లాంటిది. తెరిచి ఖాళీ చేసిన రోజు నుంచి పడేదే తప్ప తీసేవాళ్లు లేరు. ఇప్పుడెంత ఉందో తెలిస్తే ఎన్నాళ్ల కిందట మొదలైందో అంచనా వెయ్యొచ్చు. నక్షత్రం పుట్టినప్పుడు అప్పటిదాకా పోగైన బెరీలియంలో తన వాటా తీసుకుని మూత పెట్టేసుకుంటుంది. దాని పైపొరలో మనం చదివేది ఆ రోజు లెక్క.

మా ప్రాంతం వాళ్లకి బెరీలియం కొత్తదేం కాదు. నర్సీపట్నం వైపు ఏజెన్సీలో రంగురాళ్ల కోసం కొండలు తవ్వేస్తారు కదా, ఆ రాళ్లలో ముఖ్యమైన వైడూర్యం బెరీలియం, అల్యూమినియం కలిసిన ఆక్సైడే. పచ్చలో కూడా బెరీలియం ఉంది. అయితే లిథియంలా దీన్ని ల్యాబ్‌లో మంటలో పెట్టి చూపించే ప్రసక్తే లేదు. బెరీలియం లవణాల పొడి ఊపిరితిత్తులకి విషం. వాడు అడిగాడు, నేను వద్దన్నాను, అక్కడితో సరి.

ఇంకో అడ్డంకి ఏమిటంటే, బెరీలియం గీతలు కంటికి కనిపించే రంగుల్లో లేవు. 313.0, 313.1 నానోమీటర్ల దగ్గర, అతినీలలోహిత కాంతిలో ఉన్నాయి. ఇంకొంచెం కిందికి, 300 దగ్గరికి వస్తే మన వాతావరణంలోని ఓజోన్ తలుపు వేసేస్తుంది. ఆ వాకిట్లో నిలబడి కొలవాలి. మామూలు గాజు కూడా అక్కడ వెలుగుని బాగా తినేస్తుంది. సముద్ర మట్టంలో, ఈ తేమలో, మేడ మీద నుంచి ఇది కాని పని. 2635 మీటర్ల ఎత్తులో ఎడారి కొండ మీద పెట్టిన అద్దాలకే సాధ్యం.

ఫైళ్లు తెరిస్తే ఆ ప్రాంతం చూడగానే టెన్షన్ వచ్చింది. లిథియం దగ్గర మైదానంలా ఉండే వర్ణపటం ఇక్కడ గతుకుల రోడ్డు. ఓహెచ్, సీహెచ్ అణువుల గీతలు, ఇనుము గీతలు ఒకదాని మీద ఒకటి. గీత మింగిన వెలుగుని కొలవాలంటే ముందు మింగకపోతే ఎంత ఉండేదో తెలియాలి. ఆ పైగీత ఎక్కడ గియ్యాలో మావాడు ఒకలా, నేను ఒకలా గీశాం, జవాబులు కూడా వేరువేరుగా వచ్చాయి. అందుకని తిన్నగా కొలవడం మానేసి మూగ్ అనే ఉచిత ప్రోగ్రాంతో కృత్రిమ వర్ణపటాలు తయారుచేసి, బెరీలియం తక్కువ, మధ్యస్థం, ఎక్కువ వేసి అసలుదాని మీద పరిచి చూశాం. రెండు గీతల్లో 313.1 శుభ్రమైనది, దాన్నే నమ్మాం. ఈ గీతలు అయాన్లవే కాబట్టి లిథియంలా వేడికి అంతగా ఊగవు, కానీ నక్షత్రం గురుత్వానికి కదులుతాయి. హెచ్‌డీ 140283కి బెరీలియం, హైడ్రోజన్ నిష్పత్తి లాగ్ విలువ −13 దగ్గర నిలిచింది, ప్రచురిత విలువల పక్కనే.

ఆగస్టు

2004లో ఖగోళ శాస్త్రవేత్త లూకా పస్కీని బృందం చేసిన పనిని ఈ నెలంతా విడదీసి చదివాం. ఎన్‌జీసీ 6397లో రెండు నక్షత్రాలని తీసుకుని వాళ్లు బెరీలియం కొలిచారు. గుచ్ఛంలో ఏవిపడితే అవి కాదు. ఎర్రటి పెద్ద నక్షత్రాలు లోపలి పొరని పైకి కలిపేసి బెరీలియాన్ని పోగొట్టుకుంటాయి. కాబట్టి ఇంకా ఉబ్బని, మసకగా ఉండే వాటినే ఎంచుకోవాలి. వాళ్లకి వచ్చిన విలువలు సుమారు −12.3, −12.4. అంటే రెండు లక్షల కోట్లకి పైగా హైడ్రోజన్ పరమాణువులకి ఒక్క బెరీలియం పరమాణువు.

ఇక్కడ లిథియం మళ్లీ పనికొచ్చింది. ఈ నక్షత్రం తన బెరీలియాన్ని కొంత కాల్చేసుకోలేదని నమ్మకమేమిటి? అందులో లిథియం చూడండి. అంతకంటే తక్కువ వేడికే కాలిపోయే లిథియం మట్టం దగ్గర చెక్కుచెదరకుండా ఉంటే, బెరీలియానికి ఏమీ కాలేదన్నమాట. ముసలి నక్షత్రాల దగ్గర లిథియం గడియారం కాదు, బెరీలియానికి హామీ.

ఫలితం గురించి చాలాచోట్ల రాసిన తీరు మాత్రం నాకు నచ్చలేదు. 'బెరీలియం పాలపుంత వయసు 1360 కోట్ల ఏళ్లని చెప్పింది' అని రాస్తారు. అలా చెప్పలేదు. గుచ్ఛం వయసు 1340 కోట్ల ఏళ్లు, అటూ ఇటూ 80 కోట్లు, అన్నది ఎప్పటి నుంచో ఉన్న పద్ధతితో వచ్చింది: గుచ్ఛంలో ఏ బరువున్న నక్షత్రాలు హైడ్రోజన్ అయిపోయి ఇప్పుడిప్పుడే ఉబ్బుతున్నాయో చూసి. బెరీలియం చెప్పింది ఒక్కటే, మొదటి నక్షత్రాలు పుట్టి కాస్మిక్ కిరణాలు మొదలయ్యాక ఈ గుచ్ఛం పుట్టేదాకా గడిచిన కాలం: 20 నుంచి 30 కోట్ల ఏళ్లు. రెండూ కూడితే 1360. కూడికలో పెద్ద అంకెకున్న అనుమానమే 80 కోట్లు. బెరీలియం ఇచ్చిన మొత్తం విరామం దాంట్లో మూడోవంతు. నా దృష్టిలో గొప్పదనమంతా ఆ చిన్న అంకెదే. 1380 కోట్ల ఏళ్ల విశ్వంలో మొదటి అధ్యాయం ఎంత పొడుగో చెప్పగలగడం చిన్న విషయం కాదు.

హెచ్‌డీ 140283 సంగతీ అంతే. 2013లో హబుల్‌తో దూరం కొలిచి దాని వయసు 1446 కోట్లు, అటూ ఇటూ 80 కోట్లు అన్నారు. విశ్వం కంటే పెద్దదని గోల లేచింది. 2021లో వచ్చిన లెక్క 1200 కోట్ల దగ్గరకి దించింది. రెండింటిలోనూ తేలిక మూలకాల ప్రమేయం లేదు.

తేలిక మూలకాలు కాకుండా నేరుగా రేడియోధార్మిక క్షయంతో నడిచే గడియారాలున్నాయి, థోరియం, యురేనియం. భీమిలి ఇసుకలోని మోనజైట్‌లో ఉండే థోరియమే, సగం తరగడానికి 1405 కోట్ల ఏళ్లు పడుతుంది. 2001లో ఒక ముసలి నక్షత్రంలో యురేనియం గీత దొరికితే 1250 కోట్లు అని తేల్చారు, అటూ ఇటూ 300 కోట్లు. సూత్రం చక్కగా ఉంది, అంకె మాత్రం వదులు.

సెప్టెంబర్, ఇప్పటి పరిస్థితి

హుండీ లెక్కలో బలహీనత ఎక్కడుందో వాడే పట్టుకున్నాడు. "రోజూ ఒకేలా పడవు కదత్తా. చందనోత్సవం నాడు ఒక్కరోజే ఎంతో పడిపోతాది." నిజమే. పాలపుంత తొలినాళ్లలో సూపర్నోవాలు ఎంత జోరుగా పేలాయో దాన్ని బట్టి కాస్మిక్ కిరణాలు, వాటిని బట్టి బెరీలియం. ఆ జోరుని నమూనాలోంచే తీసుకోవాలి. 2009లో 90 నక్షత్రాల మీద చేసిన పరిశీలనలో పాలపుంత పళ్లేన్ని చుట్టి ఉన్న గోళంలాంటి హేలోకి చెందినవి రెండు దారులుగా విడిపోయాయి. హుండీ ఒక్కటే కాదు, రెండు మూడు ఉండొచ్చు. పుట్టుకలో వేరే చిన్న గెలాక్సీ నుంచి వచ్చి కలిసిన నక్షత్రాల లెక్క వేరే.

అందుకని బెరీలియాన్ని ఒక్కదాన్నే పెట్టకుండా ఆక్సిజన్‌తో జతగా గ్రాఫ్ గీస్తున్నాం. ప్రచురించిన విలువల్లో మా రెండు నక్షత్రాల చుక్కలు కలిపితే, ఆక్సిజన్ పదిరెట్లు పెరిగితే బెరీలియం కూడా ఇంచుమించు పదిరెట్లే పెరుగుతోంది, నూరురెట్లు కాదు. ఎగిరే కిరణాల్లోనే ఉన్న కార్బన్, ఆక్సిజన్ కేంద్రకాలు నిలబడి ఉన్న హైడ్రోజన్‌ని కొట్టుకుని విరగడమే ప్రధానమని దీన్నిబట్టి అనుకోవాలి. నక్షత్రాల మధ్య వాయువులో ఉన్న ఆక్సిజన్‌ని ప్రోటాన్లు కొట్టడమే ప్రధానమైతే వాలు రెట్టింపు ఉండేది.

మా ఆక్సిజన్ విలువలు ఇంకా నమ్మదగినవి కావు. 777 నానోమీటర్ల దగ్గరున్న మూడు గీతల నుంచి తీశాం, అవి మామూలు లెక్కకి లొంగవు, సవరణ పట్టికలు వెయ్యాలి. దసరా సెలవుల్లో వాడొచ్చాక అదే పని. ఈలోగా నేను హెచ్‌డీ 84937 బెరీలియం ఫిట్‌ని పైగీత మార్చి ఇంకోసారి నడుపుతాను, ప్రోగ్రాం మా పాత లాప్‌టాప్ మీద రాత్రంతా తీసుకుంటుంది.